కోట చూసేవాళ్లూ, గాదె చూసేవాళ్లూ

మా కళాశాలలో నాతోపాటు పాఠాలు చెప్పే మిత్రుడొకరు కిందటేడు ఇటలీ వెళ్లివచ్చారు. వచ్చినాక విద్యార్థుల సభలో గంటసేపు ఉపన్యసించారు. ఆ దేశంలో ఉత్తరాన పీడ్‌మాంట్ సీమలో లాంగే అనే కొండలున్నాయట. కొండకొక కోట, కోట చుట్టూ చిన్న ఊరు, ఊరి కింద గొర్రు తోలినట్టు వరసలు వరసలుగా ద్రాక్షతోటలు. బరోలో అనే ఊరి కోటలో ద్రాక్షసారాయికి ఏకంగా ఒక మ్యూజియమే పెట్టారు. గ్రిన్‌జానే ఊరి కోటనూ, ఆ చుట్టుపట్ల తోటలనూ 2014లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. యాత్రికులు వస్తారు, కోట చూస్తారు, సారాయి కొంటారు, రైతు ఇంట్లోనే బస చేసి డబ్బులిచ్చి పోతారు. ఇదంతా వర్ణించి మిత్రుడు చివరకు తేల్చిన మాట ఇది: "ఇటలీ రైతు తన కోటను చూపించి బాగుపడ్డాడు. మనకు గండికోట ఉంది, సిద్ధవటం ఉంది, ఆదోని ఉంది, కర్నూల్లో కొండారెడ్డి బురుజు ఉంది. లేనిదల్లా మన చరిత్ర మీద మనకు గర్వం."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సభామర్యాద ఒకటుంది కదా. కాని ఆ మాట నన్ను వదలలేదు. మిత్రుడు మంచివాడు, చదువుకున్నవాడు, మన పక్షానే ఉన్నానని చెప్పుకునేవాడు. ఆయనే ఇట్లా అనగలిగితే, ఈ భావం ఎంత దూరం పాకిందో ఊహించుకోవచ్చు. కనుక ఆయనతో నోటిమాటగా సాగిన వాదాన్నే ఇక్కడ కొంత విస్తరించి రాస్తున్నాను.

మొదట ఇటలీ సంగతే చూద్దాం. లాంగే కోటలు నిన్న మొన్న కట్టినవి కావు. వందల ఏళ్లుగా ఆ కొండల మీదనే ఉన్నాయి. కోట వల్లనే రైతు బాగుపడేటట్టయితే ఆ వందల ఏళ్లలో ఎప్పుడో బాగుపడి ఉండాలి. మరి జరిగిందేమిటి? ఆల్బా పట్టణంలో పుట్టి, ఫాసిస్టుల మీద తుపాకి పట్టి పోరాడిన బెప్పే ఫెనోలియో అనే రచయిత 1954లో 'లా మలోరా' అనే చిన్న నవల ప్రచురించాడు. అందులో ఒక పేద రైతు తన కొడుకును కోరుకు చేసే మరొక రైతు దగ్గర జీతానికి పెడతాడు. కోరు రైతు తానే సగం పంట ఆసామికి కొలవాలి. మిగిలిన సగంలోంచి ఈ జీతగాడికి తిండి పెట్టాలి. ఆ తిండి ఎంతపాటిదో చెప్పటమే ఆ నవల. ఆ తర్వాత నూతో రెవెల్లి అనే ఆయన ఊరూరా తిరిగి ముసలి రైతుల చేత మాట్లాడించి, వాళ్ల మాటలను అట్లాగే 1977లో పుస్తకంగా వేశాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం 'ఓడిపోయినవాళ్ల లోకం'. ఆ ముసలివాళ్లు చెప్పింది కోటల అందం గాదు. ఫ్రాన్సుకు కూలికి పోయినవాళ్ల సంగతీ, అర్జెంటీనాకు ఓడెక్కి తిరిగి రానివాళ్ల సంగతీ చెప్పారు.

మరి వాళ్ల బతుకు ఎప్పుడు మారింది? కొత్తగా కోరు ఒప్పందాలు రాసుకోకుండా 1964లో చట్టం వచ్చింది. ఆల్బాలోని ఫ్యాక్టరీకి కొండల మీది పల్లెలనుంచి కూలీలు బస్సుల్లో పోయిరావటం మొదలైంది. నెలజీతం ఇంటికి వచ్చింది. తోట సొంతమైనవాడు తన ద్రాక్షకు తాను ధర చెప్పుకోగలిగాడు. ఇన్ని జరిగినాక, కడుపు నిండినాక, కోట గోడకు సున్నం వేసి యాత్రికులను పిలిచారు. మిత్రుడు చివరి మెట్టును చూసి అదే పునాది అనుకున్నారు. ఇంకొక చిన్న సంగతి కూడా ఆయన కంట పడలేదు. ఈనాడు ఆ తోటల్లో ద్రాక్ష కోసేవాళ్లలో చాలామంది పరదేశపు వలసకూలీలు. వాళ్ల కూలిలో కోత కోసుకునే మేస్త్రీలను అదుపు చేయటానికి 2016లో ఇటలీ ప్రభుత్వం చట్టాన్ని కఠినం చేయవలసి వచ్చింది. అంటే 'లా మలోరా' ముగియలేదు, జీతగాడు మారాడు.

ఇక మన కోటల దగ్గరికి వద్దాం. మిత్రుడు చెప్పిన గర్వం సంగతి. కర్నూలు నడిబొడ్డునున్న బురుజును తీసుకోండి. పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో కట్టిందంటారు. కాని అచ్యుతరాయలి బురుజని ఎవరన్నా అంటారా? ఆలంపురం పాలకుడు కొండారెడ్డిని అందులో ఖైదు చేశారని జనంలో కథ. బురుజుకు ఆ ఖైదీ పేరే నిలిచింది. కట్టించినవాణ్ణి మరిచి, లోపల మగ్గినవాణ్ణి గుర్తుంచుకున్నది జనం. ఈ ప్రాంతపు జనానికి చరిత్ర మీద శ్రద్ధ లేదనటం ఎంత అన్యాయమో ఈ ఒక్క పేరే చెబుతుంది. వాళ్ల శ్రద్ధ మరొక వైపు ఉంది, అంతే.

కోయిలకుంట్ల కోట మాటేమిటి? కుంఫిణీ దొరతనం మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఆ ఊరి దగ్గరే ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉండిందని చెబుతారు. ముప్ఫై ఏళ్లు! కోట అనేది ఎందుకు పనికొస్తుందో కుంఫిణీవారికి తెలిసినట్టుగా మన పర్యాటక శాఖలకు తెలియదు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు, మంచిదే. ఆయన తానే ఒక పాలెగాడి వంశంవాడన్నదీ, ఆయన వెంట నడిచినవాళ్లలో బోయలూ చెంచులూ ఉన్నారన్నదీ రెండూ నిజాలే. మొదటిదాన్ని దాచనక్కరలేదు. రెండోదానికి మాత్రం ఇంతవరకూ ఏ విమానాశ్రయమూ లేదు.

కిందటి పుష్యమాసంలో మిత్రుడూ నేనూ కలిసి యాభైమంది విద్యార్థులను గండికోటకు తీసుకుపోయాం. జమ్మలమడుగు దాటి ఎర్రమల కొండల మీదికి రోడ్డు ఎక్కుతుంది. పెన్న అక్కడ కొండను నిలువునా కోసుకొని పోతుంది. ఆ కోత దక్షిణపు అంచున కోట. లోయ అంచుకు పోయి నిలబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నాకూ అయింది. సౌందర్యాన్ని కాదనటం అభ్యుదయం కాదు. కాని అక్కడికి వచ్చే వందమందిలో తొంభైమంది గుమ్మంలోంచి నేరుగా ఆ అంచుకే పోతారు, ఫొటో తీసుకుంటారు, "అచ్చం అమెరికాలోని గ్రాండ్ కాన్యన్" అని ఒకరికొకరు చెప్పుకుంటారు, తిరిగి బస్సెక్కుతారు. పెన్నకు సొంత పేరు చాలదు కాబోలు.

నేను మా పిల్లలను గాదె దగ్గరికి తీసుకుపోయాను. జామా మసీదు పక్కనే ఉంటుంది. కమాను కప్పుతో కట్టిన పెద్ద రాతి కట్టడం. ఇప్పుడు లోపల ఏమీ లేదు, గబ్బిలాల వాసన తప్ప. కోటలో అతి ముఖ్యమైన కట్టడం అదేనని నా అభిప్రాయం. గోడలు ఎందుకు కట్టారు? లోయనూ సూర్యోదయాన్నీ కాపాడటానికి కాదుగదా. ఈ గాదెను కాపాడటానికి కట్టారు. ఏడాదికి పాతిక ముప్ఫై అంగుళాల వాన పడితే అదే పదివేలనుకునే నేల ఇది. అటువంటి నేలలో పండిన జొన్నా కొర్రా రైతు పాతరలో ఉంటే రైతు బతుకుతాడు. కొండమీది గాదెకు ఎక్కితే, రైతు బతకాలా వద్దా అనేది కొండమీదివాడు నిర్ణయిస్తాడు. కోట అంటే ఇది. తక్కిందంతా శిల్పం.

ఒక పిల్లవాడు లోపల అడుగులు పెట్టి కొలవటం మొదలుపెట్టాడు. వడ్డెర ఇంటి పిల్లవాడు. వాళ్ల నాయన బేతంచెర్ల దగ్గర నాపరాయి గనుల్లో పనిచేస్తాడు. "ఇంత గాదె నిండాలంటే ఎన్ని ఊర్ల జొన్నలు గావాల సార్?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. మా మిత్రుడు నవ్వి, "నాయనా, నువ్వు లెక్కల తరగతికి రాలేదు, చరిత్ర తరగతికి వచ్చినావు" అన్నారు. నాకు మాత్రం అంతకంటే మంచి చరిత్ర ప్రశ్న ఈ ఇరవై ఏళ్లలో ఏ విద్యార్థీ వేసినట్టు గుర్తులేదు.

అక్కడే ఇంకొక సంగతి జరిగింది. వేరే ఊరునుంచి వచ్చిన బృందంలో ఒక పెద్దమనిషి తనవాళ్లకు చరిత్ర వివరిస్తున్నాడు. పెమ్మసానివాళ్లు మా వాళ్లేనని ఒక పక్క కులం చెబుతున్నాడు. తురకలు వచ్చి దేవాలయాలను పాడుచేశారని మరొక పక్క మతం చెబుతున్నాడు. ఈ రెండు కథలూ ఇప్పుడు గండికోటలో గైడు లేకుండానే దొరుకుతున్నాయి. మన విద్యార్థులు జవాబు తెలుసుకొని ఉండాలి.

గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకులనుంచి 1650 ప్రాంతంలో పట్టుకున్నాడు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అతన్ని చూడటానికి గండికోటకు వచ్చి, చూసింది రాసిపెట్టాడు. కొండను తొలిచి వేసిన ఒక్కటే దారి ఉందనీ, పైన ఊటనీళ్లతో వరీ జొన్నా పండించే నేల ఉందనీ రాశాడు. ఫిరంగులు పోతపోయటానికి మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించాడనీ రాశాడు. ఈ చివరి మాటను పట్టుకొనే మతవాదులు ఊగిపోతారు. కాని ఆ పుటనే కాస్త నిదానంగా చదవండి. ఆ ఫిరంగులు పోయటానికి కుదిరినవాడు ఒక ఫ్రెంచి క్రైస్తవుడు. మీర్ జుమ్లా పర్షియానుంచి వచ్చినవాడు. వజ్రాల వ్యాపారంలో, గనుల గుత్తల్లో కోట్లకు పడగలెత్తినవాడు. ఆ తర్వాత తన ప్రభువైన గోలకొండ సుల్తానునే వదిలి 1656లో మొగలుల వైపుకు పోయినవాడు. అతను ఏ మతానికి కట్టుబడ్డాడో మీరే చెప్పండి. విగ్రహం అతనికి రాగి, కొండ అతనికి వజ్రం, రైతు అతనికి శిస్తు. ఆ రాగి పోగుచేయటం అన్యాయం కాదనటం లేదు. కాని కోట చేతులు మారిన మరుసటి ఏడు గాదెలోకి జొన్నలు ఏ ఊళ్లనుంచి వచ్చాయి? నాయకుల కాలంలో వచ్చిన ఊళ్లనుంచే. మోసినవాళ్లెవరు? అంతకుముందు మోసినవాళ్లే. మసీదు కట్టిన రాయినీ, మాధవరాయస్వామి గుడి గోపురం కట్టిన రాయినీ చెక్కిన చేతుల మధ్య తేడా చూపించమని ఆ పెద్దమనిషిని అడగాలనిపించింది. అడిగే లోపలే ఆయన లోయ అంచుకు వెళ్లిపోయాడు.

ఇంతవరకూ ఎదుటివాళ్ల మాట. మన మాట కూడా చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కోటలకు విహారయాత్రలు వద్దని వాదించేవాణ్ణి. భూస్వాముల గుర్తులు, వాటిని చూసేదేముంది, ఫ్యాక్టరీనో ప్రాజెక్టునో చూపించండి అనేవాణ్ణి. మనవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఇట్లాగే అంటారు. అప్పట్లో నాకది చాలా విప్లవాత్మకంగా తోచేది. నిజానికి అది సోమరితనం. మనం వదిలిపెట్టిన కోటలోకి కులసంఘం వచ్చి కూర్చుంది, మతసంఘం వచ్చి కూర్చుంది, హోటలువాడు వచ్చి కూర్చున్నాడు. ఆ రాళ్లు ఎవరి చెమటో వాళ్ల మనుమలకు చెప్పవలసినవాళ్లం మనం. మనమే "అవి మనవి కావు" అని వచ్చేశాం. వడ్డెర పిల్లవాడికి కోట తనది కాదని చెప్పటానికి నేనెవణ్ణి?

గర్వపడదగ్గ కట్టడం ఏదీ లేదా మన సీమలో అని మిత్రుడు బస్సులో నిలదీశారు. ఉంది. అదే కడప జిల్లాలో, బద్వేలు వైపు, పోరుమామిళ్ల చెరువు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం రాతిమీద ఇంకా ఉంది. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు కట్టమీద పనిచేశారనీ, రాళ్లు తోలటానికి వంద బండ్లు నడిచాయనీ ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని లెక్కపెట్టి చెబుతుంది: నీటిశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టినేల ఉండాలి, దగ్గర్లో రాతిగని ఉండాలి, అట్లా. పన్నెండోది, పని తెలిసిన మనుషుల గుంపు. రాజు పుణ్యం కోసం శ్లోకాలు కట్టిన పండితుడికి కూడా కూలీలను లెక్కలో వేయక తప్పలేదు!

ఆ శాసనమే చెరువుకు దోషాలు కూడా చెబుతుంది. కట్టలో నీరు ఊరటం, చవిటినేల కావటం మొదలైనవి. వాటిలో ఒకటి నన్ను నిలబెట్టేసింది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండరాదు. ఆలోచించండి. కోటకు సరిహద్దు కావాలి. సరిహద్దు లేకుంటే కోటకు పని లేదు. చెరువుకు సరిహద్దే రోగం. ఆరున్నర శతాబ్దాల కిందట ఒక శాసన రచయిత గుర్తించిన ఈ సంగతిని నదీజలాల పేరుతో ఈనాటికీ కొట్లాడుతున్న మన ప్రభుత్వాలకు వినిపించాలి.

"చెరువూ రాజు కట్టించిందే గదా?" అన్నారు మిత్రుడు. ఔను. రాజు పుణ్యానికే కట్టించాడు, శిస్తు పెరుగుతుందనీ కట్టించి ఉంటాడు. నేను రాజుకు దండం పెట్టమనటం లేదు. కాని కోటగోడ నీడలో ఒక్క గింజ పండదు. చెరువుకట్ట కింద పండుతుంది. రెండింటికీ మోసినవాళ్లు ఒకరే అయినప్పుడు, వాళ్లకు ఏది పనికివచ్చిందో అడిగే హక్కు మనకుంది. చెరువు మరమ్మతుకు ఇచ్చిన దశబంధం మాన్యాలను కుంఫిణీవాళ్లు లాక్కోవటంతో ఎన్ని చెరువులు పూడిపోయాయో, 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎట్లా ఎండి చచ్చాయో చదివినవాళ్లకు తెలుసు. ఆ కరువులో కష్టం చేసే కూలికి రోజుకు పౌను ధాన్యమూ ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ దొర శాసించాడు. సీమలో 1952లో మళ్లీ గంజి కేంద్రాలు తెరిచారు. ఆ రెండు కరువుల్లోనూ గండికోట ఉంది. గాదె ఉంది. దాని కమాను చెక్కు చెదరలేదు.

ఈనాటి సంగతి. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్ర ప్రభుత్వం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దానం కాదు, వడ్డీ లేని యాభై ఏళ్ల అప్పు. యాత్రికులకు మరుగుదొడ్లూ నీళ్లూ దారీ వద్దనేవాణ్ణి కాను. కోట లోపలి ఊరి మనుషులకు అంగడి పెట్టుకునే చోటు దొరికితే సంతోషిస్తాను. కాని ఇటలీ మాట చెప్పి ఈ డబ్బును పొగిడేవాళ్లను ఒకటే అడుగుతాను. లాంగేలో తోట రైతుది. ఇక్కడ చీనీతోట వేసిన రైతు అప్పు తెచ్చి బోర్లు వేసి, నీళ్లు అందక, కాయకొచ్చిన చెట్లను తానే నరికిన ఏళ్లున్నాయి. కోటకు దీపాలు పెట్టటానికి దొరికిన తొందర ఆ చెట్టుకు నీళ్లు పెట్టటానికి ఎందుకు దొరకలేదు?

నీళ్లు అసలు రాలేదని కాదు. కోటకు దగ్గర్లోనే 26.85 టీయెంసీల గండికోట జలాశయం కట్టారు. శ్రీశైలం నీళ్లు వచ్చాయి. సీమకు నీళ్లు కావాలని కొట్లాడినవాళ్లలో నేనూ ఒకణ్ణి; జలాశయాన్ని తప్పుపట్టను. కాని కొండాపురం మండలంలో ఊళ్లు మునిగాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు జనం పరిహారమూ గడువూ అడుగుతూ ధర్నా చేస్తుండగానే నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. మా బృందంలో ఒక ఆడపిల్ల ఆ ముంపు ఊళ్లలో ఒకదానిది. సాయంకాలం అందరూ లోయ అంచున సూర్యాస్తమయం కోసం కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి అటు తిరగకుండా పడమటి వైపు నీళ్లకేసి చెయ్యి చూపి, "మా ఊరు ఆ పక్కుంటాది సార్. ఈడికి కనపడదులే" అంది. అవ్వ వాళ్ల ఇంటి ద్వారబంధం ఒక్కటి పెరికి తెచ్చుకున్నారట, కొత్త కాలనీలో ఆ కొలతకు గుమ్మం లేక గోడకు ఆనించి పెట్టుకున్నారట.

మిత్రుడు ఆ మాట విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ ద్వారబంధం వారసత్వం కాదా అని నేను ఆయన్ను అడగాలనుకున్నాను గాని, ఆయన ముఖం చూసి మానుకున్నాను. వాదంలో గెలవటానికి ఒక సమయం ఉంటుంది.

గండికోటలో బోర్డులున్నాయి. రాజుల పేర్లున్నాయి, గుడి శైలి ఏదో ఉంది. గాదె దగ్గర ఇంకొక బోర్డు కావాలని మా విద్యార్థులు ఒక అర్జీ రాశారు. దీన్ని నింపింది ఏ ఊళ్లు, రాళ్లు చెక్కింది ఏ కులాలవాళ్లు, ఈ కోట కనుచూపుమేరలో నీటికింద ఉన్న ఊళ్ల పేర్లేమిటి, ఈ మూడూ రాయాలని వాళ్ల కోరిక. మొదటిదానికి జవాబు కైఫీయతుల్లోనూ శాసనాల్లోనూ వెతకాలి. రెండోది ముసలివాళ్లను అడగాలి. మూడోది ఆ అమ్మాయి అక్కడికక్కడే రాసిచ్చింది. గాదె కొలతలు ఇద్దరు పిల్లలు వేరువేరుగా తీశారు, రెండూ కలవలేదు. వచ్చే మాఘంలో టేపు తీసుకొని మళ్లీ పోతున్నారు, పోతూ పోతూ పోరుమామిళ్లలో దిగుతారట. బస్సులో తనకొక సీటు ఉంచమని మిత్రుడు నిన్న కబురు చేశారు.